మూలం అందరిదీ, ఫలం ఎవరిది?

ఓపెన్ సోర్స్ అనే మాట మన చర్చల్లోకి వచ్చినప్పుడల్లా రెండు అభిప్రాయాలు తలెత్తుతున్నాయి. రెండూ మన మిత్రులవే గనుక రెంటినీ పరిశీలించక తప్పదు.

మొదటిది సాహిత్యం చదువుకున్నవారి అభిప్రాయం. కంప్యూటరు ప్రోగ్రామును ఎవరు రాశారు, ఎలా పరీక్షించారు, ఏ షరతులమీద విడుదల చేశారు అనేదంతా ఇంజనీర్ల వ్యవహారమనీ, కవిత్వానికీ కథకూ విమర్శకూ దానితో నిమిత్తం లేదనీ వీరంటారు. కలం ఏ కార్ఖానాలో తయారయిందో విచారించి పద్యం రాస్తామా అని ఎదురు ప్రశ్న వేస్తారు. రెండవది మాదాపూరులో, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తున్న కొందరు యువకుల అభిప్రాయం. వారిని చూసి ఉత్సాహపడుతున్న విద్యార్థులదీ అదే. సోర్సును అందరికీ తెరిచిపెట్టారు, ఎవరయినా కాపీ చేసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. ఇక సొంత ఆస్తి ఎక్కడిది? సామ్యవాదం ఏ పోరాటమూ లేకుండానే కంప్యూటరులో వెలిసిందని వీరి నమ్మకం.

మొదటివారిది ఉపేక్ష, రెండవవారిది భ్రమ. పైకి ఎడమొగం పెడమొగంగా కనిపించినా రెండూ ఒక్కచోటనే పుట్టాయి. వీరూ వారూ కూడా వస్తువును చూస్తున్నారు గాని, దాన్ని తయారుచేసే శ్రమను చూడడం లేదు. ఒక అప్లికేషనును కట్టడం, పరీక్షించడం, విడుదల చేయడం, ఆ తర్వాత ఏళ్ళతరబడి దాన్ని బతికించడం: ఈ నాలుగు పనులూ ఎవరు చేస్తున్నారు? ఎవరి ఖర్చుమీద? ఎవరి భాషకోసం? చివరకు ఫలం ఎవరి గాదెలో పడుతోంది? ఈ ప్రశ్నలు వేసుకోనంతకాలం ఓపెన్ సోర్సును పొగిడినా ఒకటే, పక్కకు నెట్టినా ఒకటే.

ముందు రెండవవారి భ్రమ సంగతి చూద్దాం.

1998 ఈ కథలో గుర్తుపెట్టుకోవలసిన సంవత్సరం. ఆ ఏడు ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు సమావేశమయి, అంతకుముందు ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని పిలుస్తూవచ్చిన దానికి ‘ఓపెన్ సోర్స్’ అనే కొత్త పేరు పెట్టారు. ఆ ఏడు నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటరును హైదరాబాదులో పెట్టిందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలయిందీ ఆ సంవత్సరమే. వీటిలో ఒకటి మరొకదానికి కారణమని నేననడం లేదు. అయితే ఇవన్నీ ఒకే చారిత్రక ఘట్టానికి చెందినవి. ప్రోగ్రాము రాసే శ్రమను ప్రపంచం నలుమూలలనుంచీ చౌకగా సేకరించడానికి పెట్టుబడి దారులు వేసుకుంటున్న రోజులవి.

పాత పేరును ఎందుకు మార్చారు? రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను స్థాపించాడు, 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వెలువడింది. ఆ లైసెన్సు సారాంశం చాలా సులభం. ప్రోగ్రామును ఎవరయినా నడుపుకోవచ్చు, చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు. కాని దిద్దినదాన్ని ఇతరులకు పంచేవాడు తాను పొందిన హక్కులన్నీ వారికీ ఇవ్వాలి. చెరువునీళ్ళు ఎవరయినా పారించుకోవచ్చు గాని తూముకు తాళం వేసుకోగూడదన్నమాట. ‘స్వేచ్ఛ’ అనే మాట వినగానే వ్యాపారస్తులకు ఒళ్ళు జలదరించింది. వారిని బుజ్జగించవలెనంటే స్వేచ్ఛ అనగూడదు, సామర్థ్యం అనాలి. హక్కు అనగూడదు, పద్ధతి అనాలి. కొత్త పేరు ఆ పని చేసిపెట్టింది. పేర్లలో ఏముందని అనుకునేవారు గిడుగువారి కాలంలో కూడా ఉండేవారు.

తర్వాత జరిగింది మరీ ఆసక్తికరం. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్సును క్యాన్సరుతో పోల్చాడు. 2014లో ఆ కుర్చీలో కూర్చున్న మన హైదరాబాదువాడు సత్య నాదెళ్ల తమ కంపెనీకి లైనక్సంటే ప్రేమ అని ప్రకటించాడు. 2018లో ఆ కంపెనీయే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు అతిపెద్ద నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుక్కోవడానికి ఒప్పందం చేసుకుంది. 2019లో ఐ.బి.ఎం. కంపెనీ రెడ్‌హ్యాట్‌ను 3,400 కోట్ల డాలర్లకు తనలో కలుపుకుంది. పదమూడేళ్ళలో క్యాన్సరు ప్రేయసిగా మారడానికి కారణం ఏమిటి? పెట్టుబడికి మనసు మారిందా? పెట్టుబడికి మనసుండదు, లెక్క ఉంటుంది. కూలి ఇవ్వకుండానే దొరికే శ్రమకంటె చౌకయినది మరొకటి లేదని ఆ లెక్కలో తేలింది.

ఈ మాట అతిశయోక్తి అనుకునేవారు 2014 ఏప్రిల్‌లో బయటపడిన ‘హార్ట్‌బ్లీడ్’ సంగతి జ్ఞాపకం చేసుకోవాలి. బ్యాంకుల లావాదేవీలూ, ఉత్తరప్రత్యుత్తరాలూ, సంకేతపదాలూ పరుల కంటబడకుండా కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో పెద్ద లోపం కనిపించింది. ప్రపంచంలోని కుబేర సంస్థలన్నీ వాడుకుంటున్న ఆ ప్రోగ్రామును బతికిస్తున్నది గుప్పెడుమంది. వారికి ఏటా వస్తున్న విరాళాలు రెండువేల డాలర్లు! ఇల్లు కాలిన తర్వాతగాని ఆ కంపెనీలన్నీ కలిసి కొంత డబ్బు మూటగట్టలేదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె విషయంలో మళ్ళీ అదే కథ. ఆ సంవత్సరమే గిట్‌హబ్ వారు కోపైలట్ అనే కృత్రిమ మేధ పరికరాన్ని బయటపెట్టారు. అందరూ ఉచితంగా తెచ్చిపెట్టిన బహిరంగ సోర్సును దానికి మేపి, దాని సేవను నెలకింతని అమ్మకానికి పెట్టారు. తమ లైసెన్సుల మాట ఏమయిందని అడిగిన ప్రోగ్రామర్లు 2022లో అమెరికా న్యాయస్థానానికి వెళ్ళవలసివచ్చింది.

కనుక సోర్సు తెరిచి ఉన్నంతమాత్రాన ఆస్తి సంబంధాలు మారిపోవు. కోడు అందరిదీ కావచ్చు. దాన్ని నడిపే సర్వర్లు, విడుదలచేసే దుకాణాలు, జీతాలు, జీతగాళ్ళ సాయంకాలాలు కొందరివే. విత్తనం ఉమ్మడిదయినా భూమి దొరదే అయినప్పుడు పంట ఎవరింటికి పోతుందో తెలంగాణ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

‘అయితే ఇదంతా మోసమన్నమాట, మనకెందుకు?’ అని మొదటివారు ఇక్కడ సంతోషించవచ్చు. వారు తొందరపడుతున్నారు.

కలం ఉపమానంలోనే వారి పొరపాటు ఉంది. కలం విరిగిపోయినా రాసిన పద్యం కాగితం మీద మిగులుతుంది. ఈ యంత్రం సంగతి అలా కాదు. చిక్కడపల్లిలోనో విద్యానగర్‌లోనో ఒక డి.టి.పి. దుకాణానికి పోయి చూడండి. మన పుస్తకాలలో చాలాభాగం ఎన్నో ఏళ్ళుగా అను ఫాంట్లతో పేజ్‌మేకరులోనే కూర్చబడుతూ వచ్చాయి. ఆ ఫైలులో ఉన్నది యంత్రం దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాలమీద తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గీతలు కనిపిస్తాయి. అందులో ఒక మాట వెతకలేము. అంధులకు చదివిపెట్టే యంత్రం దాన్ని చదవలేదు. పేజ్‌మేకరు చివరి ప్రధాన వెర్షను వచ్చింది 2001లో. తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షనులోనే తెలుగుకు చోటు దొరికిన మాట నిజమే. కాని మన పుస్తకాలు మాత్రం అద్దె ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంటి యజమాని తలుపు వేసుకుంటే అభ్యుదయ సాహిత్యం వీధినపడుతుంది. ఇది ఇంజనీర్ల వ్యవహారమేనా?

ఈ తలుపును తెరవడానికి ప్రయత్నించింది పెద్ద కంపెనీలు కాదు. 1990 ప్రాంతాల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. అనే పద్ధతిని రూపొందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునగారు ఆ పద్ధతి పునాదిగా ‘పద్మ’ అనే ప్రోగ్రామును రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అది అనుబంధంగా పనిచేసేది. ఆ రోజుల్లో తెలుగు దినపత్రికలు ఒక్కొక్కటీ తనకొక సొంత ఫాంటు పెట్టుకుని వార్తలు ప్రచురించేవి. ‘పద్మ’ వాటిని చదివే పాఠకుడి కళ్ళముందే యూనికోడులోకి మార్చి చూపేది. దాని సోర్సును ఆయన దాచుకోలేదు. ఆ సోర్సే ఆధారంగా వీవెన్‌గారు ‘లేఖిని’ తయారుచేశారు. యూనికోడులో మొదటి తెలుగు వాక్యాన్ని దానితోనే రాసినవారు మనలో ఎందరో ఉన్నారు.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ వెర్షను వచ్చినప్పుడు పాత తరహా అనుబంధాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ‘పద్మ’ ఆ తరహాదే. ఫైర్‌ఫాక్స్ కూడా ఓపెన్ సోర్సే. వారిని దుర్మార్గులని తిట్టి లాభం లేదు, భద్రతకోసం వారలా చేయవలసివచ్చింది. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. సోర్సు తెరిచి ఉన్నా బతికించే మనుషులు లేకపోతే ప్రోగ్రాము చచ్చిపోతుంది. ఇది భ్రమలో ఉన్నవారికి. ప్రోగ్రాము చచ్చిపోయినా సోర్సు తెరిచి ఉంటే దాని ప్రాణం మరొకదానిలోకి పోయి బతుకుతుంది, ఇది ఉపేక్షించేవారికి. తాళం వేసిన ప్రోగ్రాముకు ఈ పునర్జన్మ లేదు.

ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం. ఒక తెలుగు డెస్క్‌టాప్ అప్లికేషను తయారుకావాలి. పాత ఫైళ్ళను యూనికోడులోకి మార్చేదో, తెలుగు పదదోషాలు దిద్దేదో, ఏదయినా సరే. కోడు రాయడమే ఇందులో ప్రధానమయిన పని అని బయటివారి అభిప్రాయం. నిజానికి అది ప్రారంభం మాత్రమే. అక్షరాలను తెరమీద పేర్చడానికి ఎవరో అంతకుముందే రాసిపెట్టిన భాగాలను తెచ్చుకుంటాము. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ తెలుగు గుణింతాలనూ వత్తులనూ కూర్చడానికి ఆధారపడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముమీద. దాన్ని రూపొందించిన ఇరాన్‌వాడు బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ ఆ పేరును పారసీ నుంచి తీసుకున్నాడు; తెరుచుకున్న అక్షరం అని దాని అర్థం. హర్ఫ్ అంటే అక్షరమని పాతనగరంలో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. పారసీవాడు కట్టిన వంతెనమీద తెలుగు అక్షరం నడుస్తున్నది. అంతర్జాతీయత అంటే ఉపన్యాసంలో మాట కాదు, ఇదీ అది.

వంతెన గట్టిగా ఉందో లేదో ఎవరు చూడాలి? ఇదే పరీక్ష. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోన్లు ఒక తెలుగు అక్షరాన్ని చూసి కుప్పకూలాయి. ‘జ్ఞా’లో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక గుర్తు పడితే చాలు, సందేశం అందుకున్న అప్లికేషను మూర్ఛపోయేది. లక్షల రూపాయల జీతాలిచ్చి పెట్టుకున్న పరీక్షకులకు అది తట్టలేదు. లోకమంతా ‘తెలుగు బగ్గు’ అని పేరుపెట్టి నవ్వింది. దోషం తెలుగుది కాదు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని కూర్పులకు ఆ గతే పట్టింది. తెలుగును పరీక్షించడం లాభసాటి పనిగా తోచని పద్ధతిది ఆ దోషం. ఐ.ఓ.ఎస్. 11.2.6 వెర్షను వచ్చేదాకా వాడేవాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోవలసివచ్చింది. ఆ సోర్సు మూసిన పెట్టె గనుక దాన్ని దిద్దే అధికారం ఒక్క కంపెనీకే ఉంది.

మన భాషను పరీక్షించవలసినది మనమే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు టకారం కింద వకారం వత్తుగా దిగిపోకుండా మధ్య అదే కనిపించని గుర్తు వేస్తాము. ఒకరు వేస్తారు, మరొకరు వేయరు. అప్పుడు మొదటివారు రాసింది వెతికితే రెండవవారు రాసింది దొరకదు. ‘క్ష’ను అకారాది క్రమంలో కకారంతో చేర్చాలా, చివరన పెట్టాలా? సున్న ఉన్న మాట నిఘంటువులో ఎక్కడ రావాలి? ఒక్క ‘ఇల్లు’ అనే మాట ఇంటి, ఇంట్లో, ఇళ్ళకు, ఇళ్ళల్లోనుంచి అని ఎన్ని రూపాలు ధరిస్తుందో తెలియని ప్రోగ్రాము పదదోషాలు ఏం దిద్దుతుంది? పాత అచ్చుపుస్తకాలలో పద్యపాదం చివర కనిపించే నకారపొల్లుకు యూనికోడులో చోటు దొరికింది 2021లో వచ్చిన 14.0 వెర్షనులో. అంటే ముప్పై ఏళ్ళపాటు మన కావ్యాలను అచ్చులో ఉన్నట్లుగా యంత్రంలోకి ఎక్కించే వీలులేకపోయింది. ఆ లోటును కనిపెట్టగలిగేది ఎవరు? సైబర్ టవర్స్‌లోని ప్రోగ్రామరా, వలపలగిలకనూ అరసున్ననూ రోజూ చూసే తెలుగు ఉపాధ్యాయుడా? తెలుగు శాఖలు తమకు సంబంధం లేదని తోసిపుచ్చుతున్న పని నిజానికి తెలుగు శాఖలు తప్ప మరెవ్వరూ చేయలేని పని.

ఇక ముందు కోడంతా కృత్రిమ మేధే రాసిపెడుతుంది గదా, ఈ గొడవలెందుకని కొందరంటున్నారు. రాయనివ్వండి. యంత్రం రాసిన కోడు ‘జ్ఞా’ను సరిగా పలికిస్తున్నదో లేదో తేల్చేది మాత్రం తెలుగు చదవగలిగిన మనిషే. కోడు రాయడం ఎంత చౌక అయితే పరీక్షకు అంత విలువ పెరుగుతుంది.

పరీక్ష ముగిసింది; విడుదల చేయాలి. ఇక్కడ మరో గేటు. ఆపిల్ కంప్యూటర్లలో మీ ప్రోగ్రాము ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకోవాలంటే ఏటా 99 డాలర్లు చెల్లించి ఆ కంపెనీవారి ముద్ర వేయించుకోవాలి. విండోస్‌లో గుర్తింపుపొందిన డిజిటల్ సంతకం లేకపోతే, ‘ఇది ప్రమాదకరం కావచ్చు’నని తెరమీద నీలపు పలక లేచి పాఠకుణ్ణి భయపెడుతుంది. ఆ సంతకాన్ని కూడా కొనుక్కోవాలి. ఉచితంగా పనిచేసి ఉచితంగా ఇచ్చేవాడు, ఇచ్చే హక్కుకోసం పన్ను కట్టాలన్నమాట! దొంగ ప్రోగ్రాములనుంచి రక్షణ అక్కరలేదని నేననను. కాని రక్షణ ప్రజల పని అయితే గుమాస్తాగిరీ కంపెనీల చేతిలో ఎందుకుండాలి? డెబియన్ వంటి లైనక్సు సమాజాల్లో సభ్యులే ఒకరి పనిని ఒకరు పరిశీలించి, సంతకంచేసి, పైసా పుచ్చుకోకుండా పంచుతున్నారు. మరో మార్గం లేదన్నది అబద్ధం.

ఇదంతా చేయడానికి హైదరాబాదులో చేతులు లేవా? ప్రపంచ ప్రఖ్యాత సంస్థల ప్రోగ్రాములను కడుతున్న వేలాది తెలుగు యువకులు నానక్‌రామ్‌గూడ మొదలు మాదాపూరు దాకా రోజూ బస్సుల్లో, మెట్రోలో కిక్కిరిసి పోతున్నారు. వారి ఒప్పందపత్రాలు ఒకసారి చదవండి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం ఉద్యోగంలో భాగంగా సృష్టించిన దానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు యజమానే. దానికి తోడు చాలా కంపెనీలు యజమాని అనుమతి లేనిదే బయట ఏ పనీ చేయగూడదని షరతులు పెడుతున్నాయి. 2022లో విప్రో సంస్థ పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారంటూ 300 మందిని తొలగించానని తానే ప్రకటించింది. వారిది జీతంకోసం చేసిన పని, వేరే సంగతి. కాని ఆ వార్త చదివిన ఏ ఉద్యోగికయినా సాయంకాలం ఇంట్లో కూర్చుని ఒక తెలుగు ప్రోగ్రాముకు నాలుగు పంక్తులు రాయాలంటే చెయ్యి వణకదా? పగలు కొనుక్కున్నవాడు రాత్రిమీద కూడా హక్కు చెలాయిస్తున్నాడు.

ఇటువంటి చోటనే, గచ్చిబౌలిలోనే, 2005 నుంచీ ‘స్వేచ్ఛ’ సంస్థ పనిచేస్తున్నది. తెలుగులో మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమును తయారుచేయాలనీ, ఇంగ్లీషు రానివారికి కంప్యూటరు అందాలనీ పూనుకున్నది. మెనూలలోని మాటలను తెలుగు చేసినవారిలోనూ, ‘బాల స్వేచ్ఛ’ను పిల్లలకోసం కూర్చినవారిలోనూ ఎక్కువమంది ఇంజనీరింగు విద్యార్థులే. అద్దాలమేడల నీడలో విద్యార్థులు ఈ పని తలకెత్తుకోవడం చిన్న సంగతి కాదు. కాని స్వచ్ఛంద శ్రమమీద నడిచే ఏ సంస్థకయినా ఒక పరిమితి ఉంటుంది. విద్యార్థి నాలుగేళ్ళలో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతాడు, ప్రోగ్రాముకు సెలవులుండవు. విడుదలరోజున చప్పట్లు కొట్టేవారు వందమంది ఉంటారు, మూడేళ్ళ తర్వాత వచ్చిన బగ్గును దిద్దడానికి ఒక్కడు కూడా మిగలడు. ఈ లోటు త్యాగబుద్ధితో తీరేది కాదు, వ్యవస్థతో తీరవలసినది.

వ్యవస్థతో ఏం సాధ్యమో కేరళ చూపించింది. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలయినప్పుడు పాఠాలు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లబడి ఉండేవి. ఉపాధ్యాయ సంఘాలూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలూ ఎదురుతిరిగారు. కొన్నేళ్ళలో ప్రభుత్వ పాఠశాలలు గ్నూ లైనక్సుకు మారాయి. పదవ తరగతి కంప్యూటరు ప్రాక్టికల్ పరీక్ష కూడా దానిమీదనే జరుగుతున్నది. ఆ పని ప్రభుత్వం దయదలిచి చేసింది కాదు, ఉపాధ్యాయులు పట్టుబట్టి చేయించారు. కేంద్రప్రభుత్వం కూడా 2015లో ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్సుకే ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. విధానాలు కాగితంమీద చక్కగానే ఉంటాయి. భూసంస్కరణల చట్టాలు కూడా కాగితంమీద చక్కగానే ఉండేవి.

కనుక మనం చేయవలసినది ఏమిటి? ఓపెన్ సోర్సుకు హారతి పట్టడమూ కాదు, ముఖం తిప్పుకోవడమూ కాదు. అది ఒక పోరాటరంగమని గుర్తించి అందులో నిలబడడం. అందుకు నాలుగు పనులు తక్షణం కనిపిస్తున్నాయి.

మొదటిది మన ఇంటిపని. అభ్యుదయ పత్రికలూ ప్రచురణలూ ఇకమీదట యూనికోడులోనే కూర్చాలి. పోతన, వేమన ఫాంట్లు జి.పి.ఎల్. కింద ఎన్నడో వచ్చాయి. గురజాడ, గిడుగు, సురవరం పేర్లతో వచ్చిన ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ బహిరంగ లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. ఫాంట్లు లేవన్న సాకు ఇక చెల్లదు. పాత ఫైళ్ళను మార్చే ప్రోగ్రాములను వాడాలి. అవి ఎక్కడ తప్పుతున్నాయో అచ్చుపుస్తకంతో సరిపోల్చి తయారుచేసినవారికి రాసిపంపాలి.

రెండవది కళాశాలల పని. ఇంజనీరింగు విద్యార్థి చివరి సంవత్సరం ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కురావడం బహిరంగ రహస్యం. దానికి బదులు, ఇప్పటికే ఉన్న ఒక తెలుగు ప్రోగ్రాములో పది బగ్గులు దిద్దితే అదే ప్రాజెక్టు అనాలి. తెలుగు ఎం.ఏ. విద్యార్థి పరీక్షావాక్యాలు తయారుచేయాలి: సంయుక్తాక్షరాలు, సంధులు, మాండలికాలు, పాత లిపిరూపాలు. ఇద్దరూ ఒక బల్లదగ్గర కూర్చోనంతకాలం ఒకడిది గుడ్డి కోడు, మరొకడిది కుంటి పాండిత్యం.

మూడవది ప్రభుత్వాలమీద ఒత్తిడి. ప్రజల సొమ్ముతో రాయించిన ప్రతి ప్రోగ్రాము సోర్సూ ప్రజలకు చెందాలి. తెలుగు ప్రోగ్రాములను ఏళ్ళతరబడి బతికించేవారికి జీతాలిచ్చే ప్రజానిధి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏర్పడాలి. సంతకాల ఖర్చు ఆ నిధే భరించాలి. స్వచ్ఛంద సేవ గొప్పదే. దానిపేరు చెప్పి జీతం ఎగ్గొట్టడం గొప్పది కాదు.

నాలుగవది ఐటీ ఉద్యోగులది. పనిగంటల తర్వాత సొంత యంత్రంమీద రాసినది తమదేనని ఒప్పందంలో రాయించుకోవడం వారి హక్కు. ఒంటరిగా అడిగితే ఉద్యోగం పోతుంది. సంఘంగా అడిగితే షరతు పోతుంది. ఈ సూత్రాన్ని కోడు రాసేవారికి కొత్తగా కనిపెట్టనక్కరలేదు, మిల్లు కార్మికులు ఏనాడో కనిపెట్టి ఉంచారు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించినవారికి అచ్చుయంత్రం నడపడం వచ్చా అని ఎవరూ అడగలేదు. పుస్తకం ప్రజలకు చేరే దారి ఎవరి చేతిలో ఉన్నదో వారు చూశారు, ఆ దారిని ప్రజలపరం చేయడానికి గ్రంథాలయం కట్టారు. ఈనాడు ఆ దారి కోడుగుండా, పరీక్షగుండా, విడుదలగుండా పోతున్నది. తెరిచిన సోర్సు మనకు ఎవరో ఇచ్చే వరం కాదు. అది దున్నేవాడి కోసం ఎదురుచూస్తున్న భూమి. దున్నకుండా గట్టున కూర్చుని అది అందరిదీ అని పాడుకుంటే, పంట కోసుకుపోయేవాడు ఎవరో మనకు తెలుసు.